లైసెన్స్ ఒకరిది, వీసా మరొకరిది: విదేశాల్లో పైలట్ కొలువుకు అసలు దారులు

శంషాబాద్ విమానాశ్రయంలో తెల్లవారుజామున నిలిచి ఉన్న విమానాలను గమనిస్తే, ప్రతిదాని వెనుక భాగాన, తోకకు కాస్త ముందు, కొన్ని అక్షరాలు కనబడతాయి. మన విమానాలపై ‘వీటీ’ అనీ, దుబాయ్ నుంచి వచ్చిన దానిపై ‘ఏ6’ అనీ, దోహా నుంచి వచ్చిన దానిపై ‘ఏ7’ అనీ, లండన్ విమానంపై ‘జీ’ అనీ మొదలయ్యే ఆ గుర్తులు, ఆ విమానం ఏ దేశంలో నమోదైందో చెబుతాయి. ప్రయాణికుడికి వాటితో పని లేదు. విదేశాల్లో పైలట్‌గా పనిచేయాలనుకునేవారు మాత్రం అన్నింటికంటే ముందు చదవాల్సినవి ఆ అక్షరాలే. 1944 నాటి షికాగో ఒప్పందంలోని 32వ అధికరణం ప్రకారం, దేశాల మధ్య ఎగిరే విమానాన్ని నడిపే వ్యక్తి దగ్గర ఆ విమానం నమోదైన దేశం ఇచ్చిన లైసెన్స్ గానీ, ఆ దేశం ఆమోదించిన లైసెన్స్ గానీ ఉండాలి. పైలట్ ఏ దేశస్థుడన్నది కాదు, విమానం ఏ దేశానిదన్నదే ఇక్కడ లెక్క.

‘విదేశంలో పైలట్ ఉద్యోగం’ అని మనం ఒక్క మాటలో అనేసే దానిలో మూడు వేర్వేరు అనుమతులు ఉన్నాయి. మొదటిది విమానం నడిపే అర్హత. దీన్ని ఆ దేశపు పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఇస్తుంది. రెండోది ఉద్యోగం, దీన్ని ఎయిర్‌లైన్ ఇస్తుంది. మూడోది ఆ దేశంలో నివసిస్తూ జీతం తీసుకుని పనిచేసే హక్కు. ఇది వలసల శాఖ చేతిలో ఉంటుంది. ఒకరు ‘సరే’ అన్నంత మాత్రాన మిగిలిన ఇద్దరూ ‘సరే’ అనాలన్న నియమం ఎక్కడా లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన లైసెన్స్ జేబులో ఉన్న తెలుగు యువకుడికి అమెరికాలో ఒక్క రోజు కూడా జీతానికి పనిచేసే హక్కు లేకపోవచ్చు. అమెరికా గ్రీన్‌కార్డ్ ఉన్న మరో తెలుగు యువకుడికి, ఎఫ్‌ఏఏ లైసెన్స్ లేకపోతే, అక్కడి సంస్థల్లో కాక్‌పిట్‌లో కూర్చునే వీలు ఉండదు. ఈ విషయంపై నాతో మాట్లాడిన తల్లిదండ్రుల్లో చాలామంది మొదటి అనుమతినే మూడోదిగా పొరబడ్డారు. పొలమో, ఇంటి స్థలమో అమ్మి పిల్లల శిక్షణకు డబ్బు కట్టే ముందు తెలియాల్సిన సంగతి అది కట్టాక తెలుస్తోంది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన దేశంలోనూ పద్ధతి ఇదే. కెప్టెన్ల కొరత వచ్చినప్పుడు మన ఎయిర్‌లైన్లు విదేశీయులను తెచ్చుకుంటాయి. వారికి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ‘ఫాటా’ అనే తాత్కాలిక అనుమతి ఇస్తుంది, కేంద్ర హోంశాఖ భద్రతా పరిశీలన చేస్తుంది, ఉద్యోగ వీసా వేరుగా తీసుకోవాల్సి ఉంటుంది. కొరత తీరగానే ఆ అనుమతులు పొడిగించరు. విదేశాలకు వెళ్లే మన పైలట్లనూ ఆ దేశాలు ఇలాగే చూస్తాయని ముందే గ్రహించడం మంచిది.

దేశానికీ దేశానికీ తేడా ఎక్కడుందంటే, ఈ మూడు అనుమతుల వరుసలో ఉంది. గల్ఫ్‌లో ఉద్యోగం ముందు వస్తుంది, మిగిలిన రెండూ దాని వెంట వస్తాయి. కెనడాలో నివాస హక్కు ముందు, లైసెన్స్ తర్వాత, ఉద్యోగం చివర. యూరప్‌లో లైసెన్సూ నివాస హక్కూ రెండూ చేతిలో ఉంటే తప్ప ఉద్యోగ దరఖాస్తు చదివేవారు అరుదు. అమెరికా సంగతి అన్నింటికంటే చిక్కైనది. మనవాళ్లు ఎక్కువగా ఆశపడేదీ, ఎక్కువగా నష్టపోయేదీ అక్కడే కాబట్టి ముందు దాని గురించే చూద్దాం.

అమెరికా: చదువుకోనిస్తారు, ఉండనివ్వరు

హైదరాబాద్ నుంచి ఫ్లోరిడాకో, టెక్సస్‌కో, కాలిఫోర్నియాకో శిక్షణ కోసం వెళ్లే విద్యార్థికి సాధారణంగా రెండు రకాల వీసాల్లో ఒకటి వస్తుంది. వృత్తి శిక్షణ ఇచ్చే ఫ్లైట్ స్కూల్‌లో చేరితే ఎం-1, డిగ్రీ ఇచ్చే కళాశాలలోనో, ఎఫ్-1 ఇచ్చే అనుమతి ఉన్న సంస్థలోనో చేరితే ఎఫ్-1. ఏ వీసా అయినా, విదేశీ విద్యార్థి శిక్షణ మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ పరిశీలన దాటాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వచ్చిన కట్టడి ఇది. బయటికి రెండు వీసాలూ ఒకేలా కనిపించినా, చదువు ముగిసిన మర్నాడు రెండింటికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

ఎం-1 మీద చదివినవారికి నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, ఎంత ఎక్కువైనా ఆరు నెలల వరకే ప్రాక్టికల్ శిక్షణకు అనుమతి దొరుకుతుంది. అమెరికాలో ఉండగానే ఎం-1 నుంచి ఎఫ్-1కు మారడం కుదరదు. ఆ శిక్షణ ద్వారా సంపాదించిన అర్హతను చూపి హెచ్ వర్గం ఉద్యోగ వీసాకు మారడాన్నీ నిబంధనలు ఒప్పుకోవు. శిక్షణ పూర్తిచేసుకుని స్వదేశానికి వెళ్లిపోవడానికే ఆ వీసా పుట్టింది. ఎఫ్-1 మీద చదివినవారికి మాత్రం ఓపీటీ పేరిట 12 నెలలు తాము చదివిన రంగంలో పనిచేసే అవకాశం ఉంటుంది. చాలామంది ఆ ఏడాదిని ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ ఎగిరిన గంటలు పెంచుకోవడానికి వాడుకుంటారు.

ఆ గంటల లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 2009 ఫిబ్రవరి 12న కోల్గన్ ఎయిర్ 3407 విమానం బఫెలో సమీపంలో కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది మరణించారు. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ 2010లో చట్టం తెచ్చింది. 2013 నుంచి ప్రయాణికుల ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్‌కు ఇచ్చే పై స్థాయి అర్హత) సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. దానికి 1,500 గంటలు ఎగిరి ఉండాలి, 23 ఏళ్లు నిండాలి. (కూలిన ఆ విమానంలోని పైలట్లు ఇద్దరికీ 1,500 గంటలకు మించే అనుభవం ఉంది, ఈ నిబంధన మీద అమెరికాలోనే వాదన ఇంకా చల్లారలేదు.) శిక్షణ ముగిసేనాటికి విద్యార్థి లాగ్‌బుక్‌లో 250 గంటలు ఉన్నాయనుకుంటే ఇంకా 1,250 కావాలి. వాతావరణం అనుకూలించి, విద్యార్థులు దొరికి, నెలకు 80 గంటలు ఎగిరినా అది దాదాపు 16 నెలల పని. ఓపీటీ 12 నెలలే. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో ఏవియేషన్ డిగ్రీ చేసినవారికి 1,000 గంటలకే పరిమిత ఏటీపీ ఇస్తారు కనుక వారికి తొమ్మిది, పది నెలలు చాలు. అయినా చేతిలో మిగిలేది రెండు మూడు నెలలు. ఆ వ్యవధిలో ఎయిర్‌లైన్ ఉద్యోగం వచ్చినా, ఓపీటీ ముగిసిన రోజు నుంచి ఏ వీసా మీద పనిచేస్తారన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఆ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ కుటుంబాల నుంచి వచ్చే సమాధానం హెచ్-1బీ. అక్క, బావ, బాబాయి కొడుకు అందరూ ఆ దారినే వెళ్లారు కనుక పైలట్‌కూ అదే దారి అని అనుకోవడం సహజమే. కానీ, ఉద్యోగానికి ఒక నిర్దిష్ట రంగంలో డిగ్రీ తప్పనిసరిగా అవసరమైతేనే హెచ్-1బీ ఇస్తారు. విమానం నడపడానికి కావాల్సింది సర్టిఫికెట్లు, గంటలు, వైద్య పరీక్ష. చట్టపరంగా డిగ్రీ అక్కర్లేదు. పైలట్ ఎంత నిపుణుడైనా ఆ వృత్తి ఈ నిర్వచనంలో ఇమడదు. కంప్యూటర్ ముందు పనిచేసే కొత్త ఇంజినీరుకు దొరికే వీసా, రెండు వందల మంది ప్రాణాల బాధ్యత మోసే కెప్టెన్‌కు దొరకకపోవడం వింతగా అనిపించవచ్చు. ఆ చట్టం నైపుణ్యాన్ని కొలిచేది పట్టాతో, బాధ్యతతో కాదు. ఏటా 85,000 వీసాల పరిమితి, లాటరీ, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఆస్ట్రేలియా పౌరులకు మాత్రం అమెరికా ఒక పక్కదారి ఇచ్చింది. 2005లో వచ్చిన ఈ-3 వీసా ఏటా 10,500 వరకు వారికే ప్రత్యేకం. పైలట్ల కొరత తీవ్రంగా ఉన్న సంవత్సరాల్లో అమెరికా ప్రాంతీయ ఎయిర్‌లైన్లు ఆస్ట్రేలియా పైలట్లను ఈ వీసా మీద తీసుకున్నాయి. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగు పైలట్ కూడా దీనికి అర్హుడే, ఎందుకంటే ఈ-3 చూసేది పౌరసత్వాన్ని. కెనడా పౌరసత్వం తీసుకుంటే అమెరికాలో సులువుగా పని దొరుకుతుందన్న నమ్మకం కూడా మనవాళ్లలో ఉంది. కెనడా పౌరులకు ఇచ్చే టీఎన్ అనుమతికి ఒక వృత్తుల జాబితా ఉంది. పైలట్ వృత్తి అందులో లేదు.

ఇక మిగిలింది గ్రీన్‌కార్డ్. ఎయిర్‌లైన్లు కోరేది కూడా అదే: ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేకుండా అమెరికాలో పనిచేసే శాశ్వత హక్కు. ఉద్యోగ ప్రాతిపదికన వచ్చే గ్రీన్‌కార్డ్‌లలో పైలట్లకు ఉపయోగపడేవి ప్రధానంగా రెండు. ఈబీ-3కి డిగ్రీ అవసరం లేదు. కనీసం రెండేళ్ల శిక్షణ లేదా అనుభవం కావాల్సిన ఉద్యోగమైతే చాలు. అయితే ఆ పనికి అమెరికన్లు దొరకడం లేదని సంస్థ కార్మిక శాఖ ముందు నిరూపించాలి, అంతకాలం అభ్యర్థి కోసం వేచి ఉండాలి. రెండోది ఈబీ-2లోని ‘జాతీయ ప్రయోజన మినహాయింపు’. దీనికి యజమాని అక్కర్లేదు, అభ్యర్థి తానే దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకే గత కొన్నేళ్లలో ప్రపంచం నలుమూలల నుంచి పైలట్లు దీని వెంట పడ్డారు, వారి వెంట సలహాదారులూ పడ్డారు.

ఈ మినహాయింపును తేల్చే కొలమానం 2016లో ధనసర్ కేసులో ఇచ్చిన తీర్పు నుంచి వచ్చింది. అభ్యర్థి చేపట్టే పనికి జాతీయ ప్రాముఖ్యం ఉండాలి, దాన్ని ముందుకు తీసుకెళ్లే సామర్థ్యం అతనికి ఉండాలి, ఉద్యోగ ప్రతిపాదన అనే నియమాన్ని సడలించడం దేశానికి మేలు చేయాలి. ‘అమెరికాలో పైలట్ల కొరత ఉంది, నేను పైలట్‌ని’ అన్న వాదన ఒక్కటే దీనికి సరిపోదు. కొరత ఉన్న వృత్తులకు కార్మిక శాఖ ద్వారా వెళ్లే మామూలు దారి ఉండనే ఉందని అధికారులు సమాధానమిస్తారు. భద్రతా శిక్షణలోనో, ప్రమాదాల విశ్లేషణలోనో, కొత్త పైలట్ల బోధనలోనో ఒక సంస్థను దాటి ప్రభావం చూపే పని చేసినవారి దరఖాస్తుకు బలం ఉంటుంది. పైగా ఈబీ-2లో అడుగుపెట్టాలంటేనే ఉన్నత డిగ్రీ గానీ, బ్యాచిలర్ డిగ్రీతో పాటు ఐదేళ్ల క్రమాభివృద్ధి ఉన్న అనుభవం గానీ, అసాధారణ సామర్థ్యం గానీ చూపాలి. ఆ మూడో మార్గానికి ఆరు ప్రమాణాల్లో మూడింటినైనా అందుకోవాలి. వృత్తి లైసెన్స్, పదేళ్ల పూర్తికాల అనుభవం, అధిక వేతనం వాటిలో ఉన్నాయి కనుక సీనియర్ కెప్టెన్లకు ఇది కొంత అనుకూలం.

ఇంతా చేసి దరఖాస్తు ఆమోదం పొందినా భారతదేశంలో పుట్టినవారికి వెంటనే దక్కేదేమీ లేదు. ఏటా సుమారు 1,40,000 ఉద్యోగ గ్రీన్‌కార్డ్‌లలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మన వరుస ఏళ్ల తరబడి పేరుకుపోయింది. 2025లో ఈబీ-2, ఈబీ-3 రెండింటిలోనూ భారతీయుల వంతు 2012, 2013 సంవత్సరాల్లో దరఖాస్తు చేసినవారి దగ్గరే నడిచింది. ఇవాళ దరఖాస్తు చేసే ముప్పై ఏళ్ల పైలట్‌కు కార్డు చేతికి వచ్చేనాటికి ఎంత సర్వీసు మిగులుతుందో ఆలోచించాలి, ఎందుకంటే అంతర్జాతీయ విమానాల్లో పైలట్‌గా పనిచేయడానికి ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐకావో పెట్టిన వయోపరిమితి 65 ఏళ్లు. బ్రెజిల్ పైలట్‌కో, దక్షిణాఫ్రికా పైలట్‌కో ఫలించిన దారిని చూపించి మనవారి దగ్గర లక్షల రుసుము వసూలు చేసేవారు ఈ ఒక్క సంగతిని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తారు. అది మొదటి పేజీలో ఉండాల్సిన సంగతి.

ఆ వరుసలో ఒక మెలిక ఉంది. గ్రీన్‌కార్డ్ వరుస పౌరసత్వాన్ని చూడదు, పుట్టిన దేశాన్ని చూస్తుంది. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉన్న తెలుగు పైలట్ గుంటూరులో పుట్టి ఉంటే ఈ-3 దగ్గర ఆస్ట్రేలియన్, గ్రీన్‌కార్డ్ దగ్గర మళ్లీ భారతీయుడే. అదే విధంగా, తల్లిదండ్రులు కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్నప్పుడు అక్కడ పుట్టిన పిల్లలకు భారత పాస్‌పోర్టే ఉన్నా, వారు ఆ దేశాల లెక్కలోకి వస్తారు. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే వారి దేశపు లెక్కను వాడుకునే వీలూ ఉంది. మిగిలిన దేశాల ఈబీ-2 వరుస 2025లో రెండేళ్ల అటూ ఇటూగా నడిచింది కనుక, ఈ తేడా ఒక పైలట్ జీవితాన్ని మార్చేయగలదు.

గల్ఫ్: కొలువు ఉన్నంతకాలం

తెలుగువారికి గల్ఫ్ కొత్త కాదు. మెట్రో స్టేషన్లు కట్టిన చేతుల నుంచి ఆస్పత్రుల్లో నర్సుల వరకు అన్ని వృత్తులవారూ ఉన్నారు. పైలట్లకు సంబంధించి అక్కడి పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఎయిర్‌లైన్ ఎంపిక చేస్తే, నివాస వీసా, వైద్య పరీక్ష, లైసెన్స్ ఆమోదం అన్నీ ఆ సంస్థే దగ్గరుండి చేయిస్తుంది. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. ఇంటి అద్దె, పిల్లల చదువు, ఏటా స్వదేశానికి టికెట్లు ఒప్పందంలో ఉండటం మామూలే. మన దేశంలో ఎయిర్‌బస్ ఏ320 నడిపినవారికి ఎయిర్ అరేబియా, బోయింగ్ 737 నడిపినవారికి ఫ్లైదుబాయ్ సహజంగా సరిపోతాయి. పెద్ద విమానాల ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ ఎక్కువ అనుభవం ఉన్నవారిని కోరుకుంటాయి. శిక్షణ అప్పుడే ముగించుకుని 200 గంటల లైసెన్స్ చేతబట్టుకున్నవారికి ఇక్కడ చోటు దాదాపు లేదు. అందువల్ల గల్ఫ్ అనేది ఇండిగోలోనో ఎయిరిండియాలోనో కొన్నేళ్లు పనిచేశాక తెరుచుకునే తలుపు.

ఆ తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో అటువైపే మూసుకుంటుంది. నివాస వీసా ఉద్యోగానికి కట్టివేసి ఉంటుంది. ఉద్యోగం పోతే కుటుంబం మొత్తం నిర్ణీత గడువులోగా కొత్త స్పాన్సర్‌నైనా వెతుక్కోవాలి, దేశమైనా విడవాలి. 2020లో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు గల్ఫ్ ఎయిర్‌లైన్లు పెద్ద సంఖ్యలో పైలట్లను తొలగించాయి. బడి ఏడాది సగంలో ఉన్న పిల్లలతో, కారు అప్పు తీరకుండానే, ఇల్లు ఖాళీచేయాల్సిన పరిస్థితి ఎందరికో ఎదురైంది. పైలట్ విషయంలో ఇంకో ముప్పు ఉంది. క్లాస్-1 వైద్య పరీక్షలో ఏదైనా లోపం బయటపడి లైసెన్స్ ఆగిపోతే ఉద్యోగం ఆగుతుంది, ఉద్యోగం ఆగితే నివాసం ఆగుతుంది. రక్తపోటు రీడింగ్ ఒకటి కుటుంబం మొత్తం చిరునామాను మార్చేయగలదు. లైసెన్స్ కోల్పోయినప్పుడు పరిహారం ఇచ్చే బీమా ఒప్పందంలో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. యూఏఈ చట్టం ప్రకారం సర్వీసు ముగింపులో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపై 30 రోజులది గ్రాట్యుటీగా వస్తుంది. అది మూలవేతనం మీద లెక్క, చేతికొచ్చే మొత్తం మీద కాదు.

ఇంత చెప్పినా, డిగ్రీ లేని, కానీ మంచి అనుభవం ఉన్న భారతీయ పైలట్‌కు ఇవాళ నిజంగా అందుబాటులో ఉన్న విదేశీ దారి గల్ఫే అని నా అభిప్రాయం. అది వలస కాదు, దూరాన చేసే ఉద్యోగం అని తెలిసి వెళ్లేవారు మోసపోరు. వియత్నాం వంటి ఆసియా దేశాల్లోనూ ఇదే తీరున కాలపరిమితి ఒప్పందాలు దొరుకుతాయి. చైనా 2010ల దశకంలో విదేశీ కెప్టెన్లకు ఏటా మూడు లక్షల డాలర్ల దాకా ఇచ్చింది. కోవిడ్‌తో ఆ ఊపు ఆగింది.

కెనడా, ఆస్ట్రేలియా: గంటలు పెరిగితే పాయింట్లు తరుగుతాయి

ఈ రెండు దేశాలు ఎయిర్‌లైన్ సాయం లేకుండానే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోనిస్తాయి. పాయింట్ల ఆధారంగా శాశ్వత నివాసానికి ఎంపిక చేసే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పైలట్లు, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్లది ఒకే వృత్తి సంకేతం, 72600. నైపుణ్య వలసకు అది అర్హమైనదే. 2023లో రవాణా రంగానికి ప్రత్యేక ఎంపికలు ప్రకటించినప్పుడు అందులో పైలట్లనూ చేర్చారు. ఇలాంటి జాబితాలు ప్రభుత్వ అవసరాన్ని బట్టి మారుతుంటాయి; 2025లో ఆ రవాణా వర్గాన్నే తొలగించారు. నిరుటి జాబితా చూసి ఈ ఏడాది నిర్ణయం తీసుకోకూడదు.

ఇక్కడ అసలు చిక్కు పాయింట్ల లెక్కలో ఉంది. వయసుకు ఇచ్చే పాయింట్లు 20 నుంచి 29 ఏళ్ల మధ్య గరిష్ఠంగా ఉండి, ఆ తర్వాత ఏటా తగ్గుతూ, 45కు సున్నా అవుతాయి. ఆస్ట్రేలియాలోనూ పాయింట్ల వీసాలకు 45 ఏళ్లే హద్దు. విమానయానంలో విలువ పెరిగే తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 42 ఏళ్ల కెప్టెన్ లాగ్‌బుక్‌లో 9,000 గంటలు ఉంటే ఎయిర్‌లైన్ కళ్లకద్దుకుంటుంది, వలసల శాఖ మాత్రం అతన్ని ఆలస్యంగా వచ్చిన అభ్యర్థిగా చూస్తుంది. 25 ఏళ్ల కొత్త పైలట్‌కు పాయింట్లు ఉంటాయి, గంటలు ఉండవు. రెండూ సరిపడా ఉండే వయసు ఇరవైల చివర నుంచి ముప్పైల మధ్య వరకు మాత్రమే. ఆలోచన ఉన్నవారు ఆ కొన్నేళ్లలోనే దరఖాస్తు వేయాలి.

మరో లోటు చదువుది. మన దేశంలో ఇంటర్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉంటే వాణిజ్య పైలట్ లైసెన్స్ సీపీఎల్‌కు అర్హత వస్తుంది కనుక చాలామంది డిగ్రీ జోలికి పోకుండా నేరుగా శిక్షణలో చేరతారు. దేశంలో ఉద్యోగానికి అది అడ్డం కాదు. విదేశీ వలస దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాయింట్లలో, ఈబీ-2లో, డిగ్రీ అడిగే మరెన్నో చోట్ల ఆ ఖాళీ కనబడుతుంది. ఉద్యోగం చేస్తూనే సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానైనా డిగ్రీ పూర్తిచేయమని పైలట్ కావాలనుకునే ప్రతి విద్యార్థికీ నేను చెప్పేది అందుకే.

శాశ్వత నివాసం వచ్చాక కూడా లైసెన్స్ మార్పిడి ఉంటుంది: రాత పరీక్షలు, వైద్యం, విమానంలో పరీక్ష. ఆ తర్వాత మారుమూల ప్రాంతాల చిన్న విమానాలతో మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. శంషాబాద్ నుంచి ఏ320 నడిపిన వ్యక్తి ఉత్తర కెనడా మంచులో పదిమంది పట్టే విమానంతో కొత్త జీవితం మొదలుపెట్టడానికి మనసు సిద్ధం చేసుకోవాలి. ఆస్ట్రేలియాలో సంస్థ స్పాన్సర్ చేసే 482 వీసా కూడా ఉంది. 2024 డిసెంబరు నుంచి దాన్ని ‘స్కిల్స్ ఇన్ డిమాండ్’ పేరుతో మార్చారు. దానికి ఆ ఏడాది వృత్తుల జాబితాలో మన పేరుందో లేదో చూసుకోవాలి.

యూరప్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 27 ఈయూ దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీకెన్‌స్టైన్ యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఐయాసా నియమాల కింద ఉన్నాయి. మన లైసెన్స్‌ను అక్కడిదిగా మార్చుకోవాలంటే 13 రాత పరీక్షలు మళ్లీ రాయాలి. 2020 చివరితో బ్రిటన్ ఆ వ్యవస్థ నుంచి బయటికి వచ్చింది కనుక బ్రిటన్ లైసెన్స్ వేరు, ఐయాసా లైసెన్స్ వేరు. ఇంత చేసినా అక్కడి ఉద్యోగ ప్రకటనల్లో ‘ఈయూలో నివసించి పనిచేసే హక్కు తప్పనిసరి’ అన్న వాక్యం చాలాచోట్ల ఉంటుంది. యూరప్ పౌరసత్వం ఉన్న జీవిత భాగస్వామి ఉంటే తప్ప దీన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు.

బయలుదేరే ముందు

విదేశీ ఆఫర్ వచ్చినంత మాత్రాన మర్నాడే వెళ్లడం కుదరదు. 2017లో డీజీసీఏ సవరించిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. విదేశీ సంస్థలు అడిగేది సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. దీనికి శిక్షణ ఖర్చు తాలూకు బాండ్ తోడైతే లెక్క ఇంకా పెరుగుతుంది. అనుభవజ్ఞులను పరాయి దేశాల ఎయిర్‌లైన్లు ఎగరేసుకుపోతున్నాయని 2025లో భారత ప్రభుత్వం ఐకావో దృష్టికి తీసుకెళ్లింది కనుక ఈ పట్టు సడలుతుందని ఆశించలేం. ప్రభుత్వ బాధ అర్థం చేసుకోదగినదే. కానీ ఏ వృత్తిలోనూ లేనంత నోటీసు ఒక్క పైలట్ నుంచే కోరడం న్యాయంగా నాకు అనిపించదు.

మధ్యవర్తుల విషయంలో ఒక్క మాట. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంట్లే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి. అభ్యర్థి నుంచి వారు తీసుకోగల రుసుము రూ. 30,000, దానిపై జీఎస్‌టీ. ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే దొరకాలి. టైప్ రేటింగ్‌తో (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే అర్హతతో) సహా ఉద్యోగం ఖాయమంటూ లక్షలు అడిగేవారికి ఆ పోర్టల్‌లో చోటు ఉండదు.

చివరగా కాగితాలు. లాగ్‌బుక్‌లో ప్రతి వరుసలో తేదీ, విమానం రకం, దాని రిజిస్ట్రేషన్ అక్షరాలు, పగలు, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు వేర్వేరు గడుల్లో ఉంటాయి. పేజీ అడుగున మొత్తం, సంతకం, ముద్ర. విదేశీ సంస్థ మొదట అడిగేది ఆ పేజీలే, వాటితో పాటు లైసెన్స్ నిజమైనదేనని డీజీసీఏ నేరుగా పంపే ధ్రువీకరణ. శిక్షణ నాటి ఒక పేజీలో ముద్ర లేకపోయినా, ఆ స్కూల్ ఈలోగా మూతబడి ఉంటే దాన్ని సరిచేయించుకోవడం నెలల పని.

నాకు తెలిసిన ఒక కో-పైలట్ ఉన్నాడు, కడప జిల్లా కుటుంబం, వయసు ఇరవై తొమ్మిది, డిగ్రీ ఉంది. అమెరికా వరుస సంగతి విని ఆశ వదులుకుని గల్ఫ్ పరీక్షలకు సిద్ధమవుతున్నాడు. మాటల్లో అతని పాస్‌పోర్ట్ చూస్తే పుట్టిన ఊరి దగ్గర మస్కట్ అని ఉంది. వాళ్ల నాన్నగారు అక్కడ పదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారట. జనన ధ్రువపత్రం ఉందా అని అడిగితే వాళ్లమ్మగారికి ఫోన్ చేశాడు. ఇనప్పెట్టె అడుగున, ప్లాస్టిక్ కవరులో, అరబ్బీలో ఉన్న ఆ కాగితాన్ని ఆవిడ ఫొటో తీసి పంపారు. అతని పేరులో ఒక అక్షరం పాస్‌పోర్ట్‌తో కలవడం లేదు. దాన్ని సరిచేయించి, అనువాదం చేయించి, ధ్రువీకరణ తెప్పించే పనిలో ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ ఉన్నారు.